కొట్టుకి వెబ్‌సైట్: డొమైన్ ఎవరి పేరున, హోస్టింగ్ ఎక్కడ, రెండు లిపులు ఎలా

దక్షిణ ఒడిశా సంగతి తీసుకుంటే, బరంపురంలో పట్టుచీరల కొట్టు, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల పని, రాయగడలో లాడ్జి, గుణుపురంలో విత్తనాల షాపు. వీటిలో దేనికి వెబ్‌సైట్ కావాలన్నా, అసలు హోస్టింగ్ (సైట్ ఫైళ్లు పెట్టుకునే చోటు) కొనాల్సిన అవసరం ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

కొట్టు ఎక్కడుంది, ఎన్నింటికి తీస్తారు, ఫోన్ నంబరెంత. వచ్చేవాళ్లకు ఇంతవరకే కావాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ చాలు. పైసా ఖర్చు లేదు, మ్యాప్‌లో కనబడతారు. ఆ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా చిన్న వెబ్‌సైట్ కూడా చేసిచ్చేది. 2024 మార్చిలో వాటన్నిటినీ మూసేసింది. ఆ చిరునామాను విజిటింగ్ కార్డు మీద అచ్చేయించుకున్నవాళ్ల కార్డులు చిత్తుకాగితాలయ్యాయి. అందుకని బోర్డు మీద, బిల్లు మీద, చీర సంచి మీద వేయించే చిరునామా మాత్రం సొంత డొమైన్, అంటే మీ పేరున కొనుక్కున్న వెబ్ పేరు అయ్యుండాలి. ఇవాళ అది మీ గూగుల్ ప్రొఫైల్‌కే తీసుకెళ్లినా ఫర్వాలేదు, రేపు సైట్ కట్టుకున్నాక అటు మళ్లిస్తే సరిపోతుంది.

డొమైన్‌ని, హోస్టింగ్‌ని ఒకే వస్తువు అనుకుని కొనేవాళ్లే ఎక్కువ. హోస్టింగ్ అద్దె గది లాంటిది. నచ్చకపోతే సామాను సర్దుకుని ఒక్క రాత్రిలో ఇంకోచోటికి మారిపోవచ్చు. డొమైన్ చేజారితే మాత్రం బోర్డు, బిల్లు, ఈమెయిల్ అన్నీ దానితోనే పోతాయి. కాబట్టి హోస్టింగ్‌లో పొరపాటు చేసినా దిద్దుకోవచ్చు, డొమైన్ దగ్గర మాత్రం అలా కుదరదు.

పేరు పెట్టడంలో తిరకాసు

ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లతో పెద్ద చిక్కుంది. పర్లాకిమిడిని ఇంగ్లిష్ అక్షరాల్లో పర్లాఖెముండి అని ఒకరు, పరలాఖెముండి అని ఒకరు, పర్లాకిమిడి అని ఇంకొకరు రాస్తారు. బరంపురం కొందరికి బర్హంపూర్, కొందరికి బ్రహ్మపూర్. పైగా పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఒక బరంపురం ఉంది. కోరాపుట్ జిల్లా జయపురం గురించి వెతికితే రాజస్థాన్ జైపూర్ వచ్చి పడుతుంది. ఊరి పేరుని డొమైన్‌లో పెడితే ఈ గందరగోళమంతా మీ నెత్తికి చుట్టుకుంటుంది. ఊరి పేరు పేజీ శీర్షికలో ఉండాలి, పిన్‌కోడ్‌తో సహా చిరునామాలో ఉండాలి. డొమైన్‌లో అక్కర్లేదు.

కొట్టు పేరులోనూ ఇదే గొడవ. తెలుగువాళ్లు లక్ష్మిని ఇంగ్లిష్‌లో కే, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఒడిశాలో ఎక్కువమంది ఎక్స్ పెట్టి రాస్తారు. 'శ్రీ'కి రకరకాల స్పెల్లింగులున్నాయి. అనుకున్న పేరుని ఫోన్‌లో ఒక తెలుగాయనకి, ఒక ఒడియా ఆయనకి చెప్పి, విని టైప్ చేసి పంపమనండి. ఇద్దరూ ఒకేలా పంపితే ఆ పేరు ఖాయం చేసుకోవచ్చు. వేర్వేరుగా పంపారా, రెండు స్పెల్లింగులూ కొని, ఒకదాన్ని రెండోదానికి మళ్లించండి. ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అదనంగా అవుతుంది, అంతే. పేరు మధ్యలో అడ్డగీత పెట్టకండి. ఫోన్‌లో చెప్పేటప్పుడు అది ఎవరికీ ఎక్కదు.

డాట్ ఇన్ లేక డాట్ కామ్, ఏదైనా ఒకటే. దేశంలోనే అమ్ముకునేవాళ్లకు డాట్ ఇన్ నిక్షేపంగా సరిపోతుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా దొరుకుతుంది కానీ, ఆ చిరునామాతో పెట్టిన ఈమెయిల్‌ని ఇప్పటికీ చాలా ఫారాలు 'చెల్లదు' అంటాయి. ముచ్చటపడితే రెండో పేరుగా తీసుకోండి.

డొమైన్ ఎవరి చేతిలో ఉంది

సైట్ కట్టేవాడు విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉంటాడు. "అంతా నేను చూసుకుంటానండి" అని డొమైన్‌ని తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో, తన పేరున కొంటాడు. దురుద్దేశం లేకపోయినా, రెండేళ్లకి అతను ఉద్యోగంలో చేరిపోయి ఫోన్ నంబరు మార్చాక రెన్యువల్ నోటీసు ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి వెళ్తుంది. రిజిస్ట్రార్‌కి, అంటే డొమైన్ అమ్మిన కంపెనీకి మీరు ఫోన్ చేసి "అది మా కొట్టు పేరే" అన్నా పని జరగదు. వాళ్ల లెక్కల్లో మీరెవరో కూడా ఉండదు.

అందుకే డొమైన్ మీరే కొనండి. యజమాని పేరు దగ్గర జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అక్షరం తేడా లేకుండా రాయండి. ఈమెయిల్ దగ్గర మీరు రోజూ తెరిచే జీమెయిల్ ఇవ్వండి. ఆ డొమైన్‌ మీదే పెట్టబోయే మెయిల్ ఇవ్వకూడదు, ఎందుకంటే డొమైన్ ఆగిపోతే ఆ మెయిలూ ఆగిపోతుంది, "రెన్యువల్ చేయండి" అన్న ఉత్తరం మీకు చేరే దారి ఉండదు. ఆ ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పడేయండి. సైట్ కట్టేవాడికి పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పని లేదు. డొమైన్ సెట్టింగుల్లో ఏయే రికార్డులు మార్చాలో రాసి పంపమంటే మీరే మార్చవచ్చు, పది నిమిషాల పని.

డాట్ కామ్ కొన్నాక ఈమెయిల్ నిర్ధారించుకోమని ఒక లింకు వస్తుంది. 15 రోజుల్లోగా దాన్ని నొక్కకపోతే డొమైన్‌ని నిలిపేస్తారు. సైట్ రెండు వారాలు బాగా నడిచి హఠాత్తుగా మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. స్పామ్ ఫోల్డరు చూడండి.

గడువు దాటిన డాట్ కామ్‌ని వెంటనే ఇంకొకరికి ఇచ్చేయరు. రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా మామూలు ధరకే తిరిగి తీసుకోనిస్తారు. ఆ తర్వాత 30 రోజుల విమోచన గడువు, దానికి జరిమానా గట్టిగానే ఉంటుంది. మరో 5 రోజులకి పేరు మార్కెట్లో పడుతుంది. ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు నుంచి దానంతటదే డబ్బు కట్ కావాలంటే ముందుగా ఈ-మాండేట్ (మీరిచ్చే ముందస్తు అనుమతి) నమోదై ఉండాలి, 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, 15,000 రూపాయలు దాటితే ఓటీపీ కావాలి. ఈ ఏర్పాటు లేని విదేశీ కంపెనీల దగ్గర ఆటో రెన్యువల్ చడీచప్పుడు లేకుండా విఫలమవుతుంది. తేలిక మందు ఏమిటంటే, డొమైన్‌కి ఒకేసారి మూడేళ్లకో ఐదేళ్లకో కట్టేయడం.

హోస్టింగ్ ప్లాన్ చదవడం

ఐదారు పేజీలు, కొన్ని ఫోటోలు, ఒక వాట్సాప్ బటన్ అయితే స్టాటిక్ సైట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీలు చాలు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటివి దాన్ని ఉచితంగానే మోస్తాయి. హ్యాక్ కావడానికి లోపల ఏమీ ఉండదు, అప్‌డేట్ల గొడవ లేదు. ధరలు మార్చాల్సినప్పుడల్లా తెలిసినవాళ్లు కావాలి, అదే ఇబ్బంది. ఉచితం అన్న ప్రతిదీ వ్యాపారానికి పనికిరాదు: గిట్‌హబ్ పేజెస్ ఆన్‌లైన్ వ్యాపారానికి వద్దంటుంది, వెర్సెల్ ఉచిత ప్లాన్ సొంత వాడకానికే. షరతులు చదివి దిగండి.

సరుకు మీరే ఎక్కించి, ధర మీరే మార్చుకుంటూ, ఆర్డర్లు తీసుకోవాలంటే వర్డ్‌ప్రెస్ (సైట్ నడిపే సాఫ్ట్‌వేర్), వూకామర్స్ (దానికి అమ్మకాల పని నేర్పే ప్లగిన్, అంటే జోడింపు), వాటికో షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది). చిన్న కొట్లలో ఎక్కువమందికి ఇదే సరిపోతుంది. వీపీఎస్ (నిర్వహణ మీరే చూసుకోవాల్సిన విడి సర్వర్) కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, దాని సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా ఎవరు వేస్తారో అడగండి. జవాబు లేకపోతే కొనకండి.

ప్లాన్ పేజీలో పెద్ద అక్షరాల్లో ఉన్న ధర మొదటి దఫాకే. రెన్యువల్ ధర కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. నాలుగేళ్లకు కలిపి లెక్కేసి పోల్చండి, దాని మీద 18 శాతం జీఎస్టీ వేసుకోండి. జీఎస్టీ నంబరు ఉంటే కొనేటప్పుడే ఇవ్వండి. ఒడిశా కొట్టు నంబరు 21తో మొదలవుతుంది. బిల్లు సైట్ కట్టేవాడి ఆంధ్రా నంబరు మీద, అంటే 37తో మొదలయ్యే దాని మీద వస్తే, ఆ పన్ను మీ ఖాతాలో క్రెడిట్‌గా రాదు.

'అన్‌లిమిటెడ్' అన్న మాట పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, అసలు పరిమితులు దాని వెనక ఉంటాయి. వాటిలో రెండు మీకు తగులుతాయి.

ఒకటి ఐనోడ్‌లు, అంటే ఫైళ్ల లెక్క. ఒక చీర ఫోటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని రకరకాల కొలతల్లో కాపీలు చేసి పెట్టుకుంటుంది. వూకామర్స్ తన వంతు ఇంకొన్ని చేస్తుంది. 1200 పిక్సెళ్ల వెడల్పు ఫోటో ఎక్కిస్తే అసలుతో కలిపి దాదాపు ఎనిమిది ఫైళ్లవుతాయి. ఫోన్‌లో తీసిన పెద్ద ఫోటోని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే పది దాటతాయి. 200 చీరలు, ఒక్కోదానికి నాలుగు ఫోటోలు అనుకోండి: 800 ఫోటోలు, 8,000 పైచిలుకు ఫైళ్లు. అదే ఖాతాలో మెయిల్ పెట్టుకుంటే ప్రతి ఉత్తరమూ ఒక ఫైలే. పరిమితి నిండితే ఫోటో ఎక్కదు, ఆర్డరు మెయిల్ రాదు, డిస్క్ మాత్రం సగం ఖాళీగా కనబడుతుంది. కారణం తెలియక జనం తలలు పట్టుకునేది ఇక్కడే.

రెండోది ఎంట్రీ ప్రాసెస్‌లు. ఒకే క్షణంలో ఎంతమంది కోసం సర్వర్ పేజీని కొత్తగా తయారుచేయగలదో ఆ లెక్క. చౌక ప్లాన్లలో ఇది 20 దగ్గర ఉంటుంది. మామూలు రోజుల్లో 20 ఎక్కువే. బరంపురం ఠాకురాణీ యాత్ర రోజుల్లోనో దసరా ముందో వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఒకేసారి లింకు పంపితే వంద మంది ఒక్క నిమిషంలో నొక్కుతారు, '508 రిసోర్స్ లిమిట్' అన్న పేజీ కనబడుతుంది. ప్లాన్ పెంచడానికి పరుగెత్తే ముందు పేజీ క్యాష్ ప్లగిన్ (తయారైన పేజీని దాచిపెట్టుకునేది) పెట్టి చూడండి. సర్వర్ లైట్‌స్పీడ్ అయితే లైట్‌స్పీడ్ క్యాష్ ఉచితం. తయారైన పేజీని అలాగే అందిస్తుంది కాబట్టి ఆ 20లో ఒక్కటీ ఖర్చు కాదు. కార్ట్, చెకౌట్ పేజీలు మాత్రం క్యాష్ కాకూడదు. క్యాష్ అయ్యాయంటే ఒకరి బుట్టలో సరుకు ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది.

సర్వర్ ఎక్కడుందో కూడా చూడాలి. ముంబయి, చెన్నై లాంటి చోట్ల ఉంటే జవాబు పదుల మిల్లీసెకన్లలో వస్తుంది. అమెరికాలో ఉంటే రానూపోనూ 200 దాటుతుంది, ఒక పేజీ తెరవడానికి అలాంటి రానూపోనూలు చాలా కావాలి. కొనేటప్పుడు దేశం ఎంచుకునే చోట ఏమరుపాటుగా నొక్కితే సింగపూరో అమెరికానో పడుతుంది, తర్వాత మార్చడం కష్టం.

కొనే ముందు వాళ్ల సపోర్ట్‌కి ఒక ప్రశ్న పంపండి: "బ్యాకప్ ఎన్ని రోజులది ఉంచుతారు, తిరిగి పెట్టడానికి డబ్బు తీసుకుంటారా?" రాత్రి తొమ్మిదికి పంపండి. జవాబు ఎంత సేపటికి వచ్చింది, సూటిగా ఉందా అన్నదాన్ని బట్టే వాళ్ల సంగతి తెలిసిపోతుంది.

అమర్చడం, వరుస క్రమంలో

డొమైన్‌ని హోస్టింగ్‌కి కలపడానికి రెండు దారులున్నాయి. డీఎన్‌ఎస్ అంటే డొమైన్ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే పట్టిక. ఆ పట్టికని ఉంచే నేమ్‌సర్వర్లు మార్చడం ఒకటి, పట్టికలోని రికార్డులు మాత్రమే మార్చడం ఇంకొకటి. హోస్టింగ్ కంపెనీలు మొదటిది చెప్తాయి. మా మాట వింటే రెండోది చేయండి. డీఎన్‌ఎస్‌ని రిజిస్ట్రార్ దగ్గరే ఉంచుకుని, డొమైన్‌కి హోస్టింగ్ ఐపీతో (సర్వర్ నంబరుతో) ఒక 'ఏ' (A) రికార్డు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి ఒక సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి కలిపే రికార్డు) పెడితే పని అయిపోతుంది. నేమ్‌సర్వర్లు మార్చినప్పుడు అంతకుముందున్న మెయిల్ రికార్డులన్నీ పోతాయి. "కొత్త సైట్ వచ్చిన రోజు నుంచి మెయిల్ రావట్లేదు" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు మూలం ఇదే. పాత నేమ్‌సర్వర్ దగ్గర డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులు అసలువేనని సంతకం వేసే రక్షణ) ఆన్‌లో ఉంటే, దాన్ని ఆపకుండా మార్చినా సైట్ మొత్తం కనబడకుండా పోతుంది.

తర్వాత ఎస్‌ఎస్‌ఎల్, అంటే సైట్‌కి, చూసేవాళ్లకి మధ్య నడిచే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే సర్టిఫికెట్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, గడువు తీరకముందే దానంతటదే కొత్తదవుతుంది. దీనికి విడిగా డబ్బు కట్టమంటే ఆ కంపెనీని వదిలేయండి. సర్టిఫికెట్ రావట్లేదంటే డీఎన్‌ఎస్‌లో ఎప్పటిదో పాత ఏఏఏఏ రికార్డు మిగిలి ఉందేమో చూడండి. కొత్త సర్వర్‌కి 'ఏ' (A) రికార్డు మార్చి, ఐపీవీ6 కోసం ఉన్న దీన్ని మర్చిపోవడం మామూలే. సైట్‌కి ముందు క్లౌడ్‌ఫ్లేర్‌ని అడ్డుగా పెట్టాక 'టూ మెనీ రీడైరెక్ట్స్' అని వస్తే, అందులో ఎస్‌ఎస్‌ఎల్ పద్ధతి 'ఫ్లెక్సిబుల్' మీద ఉంటుంది. 'ఫుల్ స్ట్రిక్ట్'కి మార్చండి.

వర్డ్‌ప్రెస్ ఎక్కించేటప్పుడు యూజర్ పేరు 'అడ్మిన్' అని పెట్టకండి. ఎక్కించగానే నాలుగు చోట్ల చెయ్యి పెట్టాలి. టైమ్‌జోన్ కోల్‌కతాకి మార్చండి, లేకపోతే ప్రతి ఆర్డరూ ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. పర్మాలింకుల్లో (పేజీ చిరునామాల సెట్టింగు) 'పోస్ట్ నేమ్' ఎంచుకోండి. రీడింగ్ సెట్టింగుల్లో సెర్చ్ ఇంజన్లు రాకుండా ఆపే గడి ఉంటుంది. కట్టేటప్పుడు టిక్ పెట్టి తర్వాత తీయడం మర్చిపోతే గూగుల్‌లో ఆరు నెలలైనా కనబడరు. నాలుగోది క్రాన్, అంటే వేళకి తనంతట తానే నడిచే పని. వర్డ్‌ప్రెస్‌లో గడియారం పనులు ఎవరైనా సైట్‌కి వస్తేనే జరుగుతాయి. చిన్న కొట్టు సైట్‌కి రాత్రంతా ఎవరూ రాకపోతే రాత్రి బ్యాకప్ పొద్దున్న పదింటికి మొదలై సైట్‌ని నెమ్మది చేస్తుంది. హోస్టింగ్ ప్యానెల్లో 15 నిమిషాలకోసారి నడిచే అసలు క్రాన్ పెట్టేయండి.

రెండు లిపుల సైట్

ఇక్కడి కొట్టుకి సైట్ కడితే తెలుగు, ఒడియా, కాస్త ఇంగ్లిష్ మూడూ కావాలి. అసలు పని ఇక్కడుంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు.

మీ దగ్గరున్న సరుకు జాబితా ఎక్కడ టైప్ చేయించారో ముందు కనుక్కోండి. డీటీపీ సెంటర్లో కరపత్రం కోసం చేయించినదైతే తెలుగు అను ఫాంటులో, ఒడియా ఆకృతి ఫాంటులో ఉంటుంది. అవి యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. సైట్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్త వస్తుంది. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి కానీ, మార్చాక వత్తులు, అర్ధానుస్వారాలు ఒక్కొక్కటీ చూసుకోవాలి. వంద పేర్ల లోపు జాబితా అయితే ఫోన్ కీబోర్డుతో కొత్తగా టైప్ చేయడమే నయం.

ఎక్సెల్లో జాబితా తయారుచేసి వూకామర్స్‌లోకి ఒకేసారి ఎక్కించేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు, ఒడియా అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. సేవ్ యాజ్‌లో 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని వేరే రకం ఉంటుంది, అదే ఎంచుకోవాలి. సేవ్ చేశాక ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి అక్షరాలు కనబడుతున్నాయా చూసి, అప్పుడు ఎక్కించండి.

డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4లో (అన్ని లిపులూ పట్టే అక్షరాల పద్ధతిలో) ఉండాలి. ఇప్పటి వర్డ్‌ప్రెస్ దాన్నే తీసుకుంటుంది. పాత సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చేటప్పుడే గొడవ. మార్చాక అక్షరాల బదులు వరుసగా ప్రశ్నార్థకాలు కనబడితే ఆ అక్షరాలు పోయినట్టే, వెనక్కి రావు. మొదటి కాపీ నుంచి మళ్లీ దించుకోవాలి. ప్రశ్నార్థకాలు కాకుండా యూరప్ భాషల అక్షరాల్లాంటి గజిబిజి కనబడితే కంగారు పడకండి. అక్షరాలు లోపల క్షేమంగా ఉన్నాయి, చదివే పద్ధతి తప్పింది. ఇంపోర్ట్ చేసేటప్పుడు క్యారెక్టర్ సెట్ సరిచేస్తే బాగవుతుంది.

పేజీ చిరునామాల్లో తెలుగు పెట్టకండి. భాషాభిమానానికి దీనితో సంబంధం లేదు, ఇది లెక్క. తెలుగులో అయినా ఒడియాలో అయినా ప్రతి అక్షరం, గుణింతం, పొల్లు చిరునామాలో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. 'అప్పడాలు' అన్న ఒక్క మాటలో ఎనిమిది యూనికోడ్ ముక్కలున్నాయి, అంటే 72 గుర్తులు. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నాలుగు వరసలు పడి, చూసినవాడు వైరస్ అనుకుని నొక్కడు. వర్డ్‌ప్రెస్ కూడా 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది, 22 ముక్కలు దాటిన పేరు మధ్యలో తెగుతుంది. శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా రాయండి.

ఫాంట్లకి నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా రెండూ ఉచితం. మామూలు, బోల్డ్ రెండు బరువులే ఎక్కించండి, డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 రూపంలో. థీమ్‌ల వరస ఎత్తు ఇంగ్లిష్‌కి కొలిచి పెట్టినది. దాంతో 'క్ష్మి', 'స్త్ర' లాంటి చోట్ల కింది వత్తు తర్వాతి వరస నెత్తి మీద ఎక్కుతుంది, బటన్లలో సగం తెగిపోతుంది. వరస ఎత్తు 1.7కి పెంచండి, బటన్లకి పైనా కిందా ఖాళీ ఇవ్వండి. తెలుగు పేజీకి భాష కోడ్ టి-ఇ, ఒడియా పేజీకి ఓ-ఆర్ అని పెట్టి, హెచ్‌రెఫ్‌లాంగ్‌తో (ఏ పేజీ ఏ భాషదో గూగుల్‌కి చెప్పే గుర్తు) రెండిటినీ ఒకదానికొకటి ముడివేస్తే గూగుల్ ఎవరికి ఏది చూపాలో తెలుసుకుంటుంది. పాలీలాంగ్ ప్లగిన్ ఈ ముడి తనే వేస్తుంది. ఒడియా అనువాదాన్ని యంత్రానికి వదిలేయకండి. చదువుకున్న ఒక మనిషికి చూపించి వెయ్యి రూపాయలిచ్చినా లాభమే, ధర దగ్గర, 'వాపసు లేదు' దగ్గర తప్పు మాట పడితే దానికంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ఫోటోల బరువు

మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండల్లో సిగ్నల్ తగ్గి వేగం సెకనుకి ఒక మెగాబిట్ దగ్గర ఆగిందనుకోండి. 3 ఎంబీ పేజీ తెరవడానికి 24 సెకన్లు, అరఎంబీ పేజీకి నాలుగు. ఫోన్ ఫోటో ఒక్కటే 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. 1200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీ రూపంలో 80 నాణ్యతతో దాచితే 150 కేబీ దగ్గరకి దిగుతుంది. చీర కుంభం అంచు నేత కనబడాలంటే మొత్తం చీరని పెద్ద ఫోటోగా పెట్టడం కంటే, అంచు దగ్గరగా తీసిన రెండో ఫోటో పెట్టడం మేలు. వాట్సాప్‌లో లింకుతో పాటు వచ్చే బొమ్మ 1200 బై 630 కొలతలో, 300 కేబీ లోపు ఉంచండి. పెద్దదైతే బొమ్మ రాకపోవచ్చు, ఉత్త లింకే వెళ్తుంది.

పరీక్షించేటప్పుడు కొట్టు వైఫై ఆపి, మీ ఇంట్లో అందరికంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొబైల్ డేటా మీద తెరవండి.

మెయిల్, ఆర్డరు ఫారం

హోస్టింగ్‌తో ఉచితంగా వచ్చే మెయిల్ పనిచేస్తుంది కానీ, అదే సర్వర్ మీద ఇంకెవరో స్పామ్ పంపితే ఆ మచ్చ మీకూ అంటుతుంది. వీలైతే మెయిల్‌ని జోహో, గూగుల్ వర్క్‌స్పేస్ లాంటి వేరే చోట పెట్టండి. ఎక్కడ పెట్టినా డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపే రికార్డులు) మూడూ ఉండాలి. ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. మెయిల్ కంపెనీది ఒకటి, హోస్టింగ్‌ది ఒకటి అని రెండు పెడితే రెండూ చెల్లవు. రెండిటినీ ఒకే వరసలో కలపాలి. డీమార్క్ మొదట 'నన్' మీద ఉంచి, కొన్ని వారాలు చూశాక 'క్వారంటైన్'కి మార్చండి.

సైట్ ఫారంలో ఎవరైనా రాసినది మీకు చేరకపోవడానికి ఎక్కువసార్లు కారణం, ఫారం ఆ రాసినవాళ్ల జీమెయిల్ పేరుతోనే మెయిల్ పంపడం. మీ సర్వర్ జీమెయిల్ పేరు పెట్టుకుని పంపితే దొంగ ఉత్తరంగానే లెక్క. 'ఫ్రమ్' దగ్గర మీ డొమైన్ మెయిల్, 'రిప్లై టు' దగ్గర రాసినవాళ్ల మెయిల్ పెట్టి, ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్‌తో (మీ మెయిల్ ఖాతాలోకి లాగిన్ అయి పంపేది) 587 పోర్టు మీద పంపండి.

పొలిమేర దాటే ఆర్డర్లు

పర్లాకిమిడి కొట్టు నుంచి ఆంధ్రాలోని పాతపట్నానికి పార్శిల్ పంపితే, ఊరు పక్కనే ఉన్నా అది వేరే రాష్ట్రానికి అమ్మకం. వూకామర్స్ పన్నుల్లో ఒడిశాకి ఒక వరస, బయటి రాష్ట్రాలకి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకి పడే జీఎస్టీ) వరస వేరుగా పెట్టాలి. జీఎస్టీ కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు బయటి రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. అలాంటివాళ్లు షిప్పింగ్‌ని ఒడిశాకే పరిమితం చేసి, మిగతాది ఆడిటర్‌తో మాట్లాడాకే తెరవాలి.

షిప్పింగ్ జోన్లని పిన్‌కోడ్‌తో గీయండి. 761 తర్వాత నక్షత్రం గుర్తు (*) పెడితే పర్లాకిమిడి వైపంతా, 765 పెడితే రాయగడ వైపు, 532 పెడితే శ్రీకాకుళం వైపు వస్తాయి. జోన్లని పైనుంచి కిందికి చూసి మొదట కలిసినదాన్నే తీసుకుంటుంది కాబట్టి, 'దేశమంతా' అన్న జోన్ అన్నిటికంటే అడుగున ఉండాలి. పైన ఉంటే పక్క వీధికి కూడా ఢిల్లీ ఛార్జీ పడుతుంది. పేమెంట్ గేట్‌వే వాళ్లు ఖాతా తెరిచే ముందు సైట్‌లో వాపసు, డెలివరీ, గోప్యత, షరతులు, సంప్రదింపు పేజీలున్నాయా అని చూస్తారు. తినే సరుకు అమ్మితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కూడా పేజీ అడుగున వేయండి.

బ్యాకప్, ఇల్లు మారడం

హోస్టింగ్ కంపెనీ తీసే బ్యాకప్ వాళ్ల దగ్గరే ఉంటుంది, ఖాతా ఆగితే అదీ అందదు. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్‌తో డేటాబేస్ రోజూ, ఫైళ్లు వారానికోసారి గూగుల్ డ్రైవ్‌కి పంపండి. మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని ఒక సబ్‌డొమైన్ మీద తెరిచి చూడండి. ఎప్పుడూ తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మకండి. ఉచితంగా దొరికిన 'ప్రీమియం' థీమ్‌ల జోలికి పోవద్దు. సైట్ తెరిస్తే జూదం పేజీలకి మళ్లుతోందంటే చాలాసార్లు మూలం అక్కడే.

హోస్టింగ్ మార్చాల్సి వస్తే రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ని (పాత రికార్డుని మిగతా కంప్యూటర్లు ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని) 300కి దించండి. కొత్త చోట సైట్ పెట్టి, మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్లో కొత్త ఐపీ రాసుకుంటే మీకొక్కరికే కొత్త సైట్ కనబడుతుంది. అన్ని పేజీలు, రెండు లిపులు, ఒక ఆర్డరు పూర్తిగా చూసుకోండి. 'ఏ' (A) రికార్డు మార్చే గంట ముందు పాత సైట్‌లో ఆర్డర్లు ఆపేయండి, లేకపోతే కొన్ని పాత డేటాబేస్‌లో చిక్కుకుపోతాయి. మార్చాక హోస్ట్స్ ఫైల్లో రాసిన వరస తీసేసి, మొబైల్ డేటా మీద చూడండి. పాత హోస్టింగ్‌ని ఇంకో రెండు వారాలు అలాగే ఉంచి, దాని లాగ్‌లో ఎవరూ రావట్లేదని తేలాక రద్దు చేయండి.